చాట్‌బాట్‌తో రెండేళ్ల చదువు: ఒక ఎం.ఏ. విద్యార్థిని అనుభవం

ఎం.ఏ. తెలుగులో చేరిన వారం నుంచి ఒక ఏఐ చాట్‌బాట్‌ను దాదాపు రోజూ వాడుతున్నాను. మొదటి ఏడాది ఉచితంగా, తరువాత నెలనెలా డబ్బు కట్టి. మా హాస్టల్లో వాడనివాళ్లు అరుదు. అందుకే వాడాలా వద్దా అన్న చర్చ పక్కన పెట్టి, వాడితే చదువు ఏమవుతుందో రాస్తున్నాను.

నా అంశం వ్యావహారిక భాషోద్యమం, అంటే పాత గ్రాంథిక భాషలో కాక జనం మాట్లాడే తెలుగులోనే రాయాలన్న ఉద్యమం. శోధ్‌గంగ అనే వెబ్‌సైటులో పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథాలు, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత పుస్తకాల స్కాన్లు, అర్థాలకు ఆంధ్రభారతి నిఘంటువులు... చదవాల్సినవి చాలావరకు ఫోనులోనే దొరుకుతాయి. మొదట్లో 400 పేజీల సిద్ధాంత గ్రంథాన్ని చాట్‌బాట్‌కు ఇచ్చి, అది ఇచ్చిన ఒక పేజీ సారాంశంతో సెమినారుకు వెళ్లేదాన్ని. ఉద్యమాన్ని నడిపిన గిడుగు రామమూర్తి వాదనకు గ్రాంథికవాదులు ఏమని బదులిచ్చారని అడిగితే చెప్పడానికి ఒక్క వాక్యం ఉండేది కాదు. సారాంశంలో తీర్పు ఉంటుంది, తగవు ఉండదు. ఈ అంశానికి ప్రాణమంతా ఆ తగవులోనే ఉంది.

తప్పుల విషయం మరీ బాధించింది. వ్యావహారిక భాష కోసం పనిచేసిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం గురించి అడిగితే, 1920ల మధ్యలో వీరేశలింగం అధ్యక్షతన జరిగిన సభలంటూ చక్కని తెలుగులో వివరించింది. ఆయన 1919 మే 27న కన్నుమూశారు. ఆ తేదీ గుర్తుండబట్టి ఆగాను. ఆధారం చూపమంటే ఒక సిద్ధాంత గ్రంథం పేరు, సంవత్సరంతో సహా ఇచ్చింది. ఎంత వెతికినా అలాంటి గ్రంథం కనిపించలేదు. గుర్తులేని చోట ఎన్ని తప్పులు నా నోట్సులోకి చేరాయోనని ఆ వారమంతా పాత పుటలు తిరగేశాను. చాట్‌బాట్ అంటే ఒక మాట తరువాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి రాసే యంత్రం. తెలుగులో అది నేర్చుకున్న సమాచారం తక్కువైన చోట కూడా అదే ధీమాతో రాస్తుంది.

పాత అచ్చు స్కాన్లు ఇస్తే అరసున్నలు ఎగిరిపోతాయి. ‘ఏఁడు’ అంటే సంవత్సరం, ‘ఏడు’ అంటే అంకె. సున్న పోతే అర్థం పోయినట్లే.

అయినా మానలేదు. ఒకే భాషకు రాతలో ఒక రూపం, మాటలో మరో రూపం ఉండే ద్విభాషా స్థితి (డైగ్లోసియా)పై భాషాశాస్త్రవేత్త ఫెర్గూసన్ 1959లో రాసిన ఆంగ్ల వ్యాసం నాకు కొరుకుడు పడనప్పుడు, పేరా తరువాత పేరా విసుగు లేకుండా విడమరిచి చెప్పింది. అర్ధరాత్రి అంత ఓపికగా ఎవరు చెబుతారు? ఇప్పుడు ముందు నేను చదువుతాను. పెన్సిలుతో గీత గీసిన పేరాను టైపు చేసి, దీన్ని గ్రాంథికవాది ఎలా ఎదిరిస్తాడని అడుగుతాను. జవాబు తప్పయినా సరే, దాన్ని ఖండించడానికి మళ్లీ మూలానికి వెళ్తాను.

గత నెల నుంచి డబ్బు కట్టడం ఆపేశాను. పుస్తకం మొత్తం దాని చేతిలో పెట్టడం మానేశాక, నా ప్రశ్నలకు ఉచిత ఖాతా సరిపోతోంది.