అనాహైమ్‌లో రాత్రి నీళ్ల షో: అమ్మానాన్నలతో రెండుసార్లు చూశాం

అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చి రెండు నెలలైంది, పాపకి సెలవులిచ్చారు, సరే అని శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో మేముండే ఫ్రీమాంట్ నుంచి కారులో అనాహైమ్‌లోని డిస్నీలాండ్‌కి వెళ్లొచ్చాం. రైడ్ల గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను రాసేది పక్కనే ఉన్న డిస్నీ కాలిఫోర్నియా అడ్వెంచర్ పార్కులో రాత్రిపూట వేసే వరల్డ్ ఆఫ్ కలర్ అనే నీళ్ల షో గురించి. పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే ఆ రోజు మొత్తాన్నీ ఈ షో చుట్టూనే ప్లాన్ చేసుకోండి. మేం మొదటి రోజు అలా చేయలేదు, రెండో రోజు చేశాం. రెండు రాత్రులకీ మధ్య తేడా చూశాక చెప్తున్నా.

మొదటి రోజు పొద్దున ఎనిమిదింటికే డిస్నీలాండ్‌లో ఉన్నాం. పాప ఏది ఎక్కుతానంటే అక్కడికి పరుగు, మధ్యలో అమ్మానాన్న బెంచీల మీద కూర్చుని మా కోసం ఎదురుచూడటం. సాయంత్రానికి నాన్న మోకాళ్లు పట్టేశాయి. రెండు పార్కుల గేట్లూ ఎదురెదురుగానే ఉంటాయి, మా టికెట్లతో రెండిట్లోకీ వెళ్లొచ్చు కాబట్టి అట్నుంచి అటే వెళ్లాం. తీరా వెళ్లేసరికి నీళ్ల ఎదురుగా ఉన్న చోటంతా నిండిపోయింది. ఓ పక్కగా, వంతెన దాటాక దొరికిన సందులో నిలబడ్డాం.

అక్కడ నిలబడ్డాకే అర్థమైంది. ఈ షోలో బొమ్మలు పడేది గుడ్డ తెర మీద కాదు, పైకి చిమ్మిన పల్చటి నీటి తుంపర మీద. ఆ నీటి తెర 380 అడుగుల వెడల్పు, 50 అడుగుల ఎత్తు. ఎదురుగా ఉన్నవాళ్లకి బొమ్మ స్పష్టంగా కనిపిస్తుంది, పక్కన ఉన్నవాళ్లకి రంగు మరకలే. దానికి తోడు మా ముందున్న వాళ్లందరూ పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నారు. అమ్మ పొట్టిగా ఉంటుంది. షో అయ్యాక "బాగుందమ్మా" అంది గానీ ఆవిడ ఏమీ చూడలేదని నాకు తెలుసు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండో రోజు పద్ధతి మొత్తం మార్చేశాం. ఈ షోకి డిస్నీలాండ్ యాప్‌లో వర్చువల్ క్యూ ఉంటుంది, అంటే లైన్లో నిలబడకుండా ఫోన్‌లోనే చోటు తీసుకోవడం, విడిగా డబ్బు కట్టక్కర్లేదు. మేం వెళ్లినప్పుడు అది మధ్యాహ్నం 12 గంటలకి తెరిచారు, మా ఆయనా నేనూ చెరో ఫోన్ పట్టుకుని కూర్చున్నాం, నిమిషం లోపే దొరికింది. మీతో వచ్చే అందరి టికెట్లూ ముందే యాప్‌లో కలిపి పెట్టుకోండి, ఆ టైమ్‌కి వెతుక్కుంటూ ఉంటే టెన్షన్. ఒంటిగంటకల్లా రూముకి వచ్చేసి అమ్మానాన్న ఓ కునుకు తీశారు. ఒక్కసారి బయటికి వస్తే మళ్లీ లోపలికి రానివ్వరేమో అని చాలామంది భయపడతారు, రానిస్తారు, ఆ రోజు టికెట్ చూపిస్తే చాలు.

ఇక్కడే బస గురించి చెప్పాలి. హార్బర్ బులెవార్డ్ మీద, గేటుకి పది నిమిషాల నడక దూరంలో ఓ మోటెల్ తీసుకున్నాం. కొంచెం దూరం వెళ్తే ఇంతకంటే చవగ్గా మంచి గదులు దొరుకుతాయి. మా గది పార్కింగ్ వైపు ఉంది, రాత్రంతా కార్ల తలుపుల చప్పుడే, ఏసీ కూడా సరిగ్గా పనిచేయలేదు, చెబితే పట్టించుకోలేదు. అయినా మళ్లీ వెళ్తే నడిచి వెళ్లగలిగే చోటే తీసుకుంటాను. షో అవగానే వేలమంది ఒకేసారి బయటపడతారు, పార్కింగ్‌కి వెళ్లే వాహనాల దగ్గర పెద్ద లైన్లు, మేం మాత్రం మెల్లగా నడుచుకుంటూ గదికి చేరాం. మధ్యాహ్నం ఆ కునుకు కూడా గది దగ్గర ఉండబట్టే కుదిరింది.

తిండికి ఇబ్బంది పడలేదు. బయటి తిండి లోపలికి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలు ఉండకూడదంతే. అమ్మ రైస్ కుక్కర్ తెచ్చుకుంది, పులిహోర కలిపి డబ్బాల్లో పెట్టింది. లోపల శాకాహారం దొరుకుతుంది గానీ నాన్నకి రెండు పూటల చీజ్ అయ్యాక ఇంక వద్దనిపించింది. ఆర్టీసియాలో పయనీర్ బులెవార్డ్ మీద మన హోటళ్లు, సరుకుల కొట్లు వరుసగా ఉన్నాయి, అనాహైమ్ నుంచి కారులో అరగంట. ఓ పూట అక్కడ భోంచేశాం, ప్రాణం లేచొచ్చింది.

రెండో రాత్రి షోకి గంటన్నర ముందే వెళ్లి నీళ్ల పక్కన రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాం. నిలబడలేని వాళ్లకి వీల్‌చైర్ అద్దెకి దొరుకుతుంది, వాళ్లకి వేరే చోటు కూడా కేటాయించారు, నాన్న మాత్రం ఒప్పుకోలేదు. చీకటి పడ్డాక నీళ్లలోంచి ఫౌంటెన్ల వరుసలు పైకి లేచాయి. దాదాపు 1,200 ఫౌంటెన్లు, పగలంతా నీటి అడుగునే ఉంటాయి, ఒక్కోదానికీ సొంత లైటు. కొన్ని 200 అడుగుల దాకా చిమ్ముతాయి, వెనకాల ఉన్న జెయింట్ వీల్ 150 అడుగులే, అంటే దాన్ని దాటి పోతాయన్నమాట. ఎర్ర రంగు నీలంలోకి జారే చోట ఒక్కో ఫౌంటెన్ ఒక్కో క్షణం ఆలస్యంగా మారుతుంది, చేలో గాలి వీచినట్టు ఉంటుంది. మధ్యలో మంటలు లేచినప్పుడు మొహానికి సెగ తగిలింది, ఆ వెంటనే తుంపర.

ఈ షో 2010 జూన్‌లో మొదలైంది. 1961లో వాల్ట్ డిస్నీ టీవీలో రంగుల కార్యక్రమం తెచ్చారు, ఈ షో పేరు అక్కడి నుంచి వచ్చిందే. కథ, పాటలు అప్పుడప్పుడూ మారుస్తుంటారు. పాపకి అందులో ప్రతి బొమ్మా తెలుసు, అమ్మానాన్నకి ఒక్కటీ తెలియదు, అయినా ఈ షోకి అది అడ్డు కాలేదు. నాన్న హైస్కూల్లో ఉండగా మైసూరు ఎక్స్‌కర్షన్‌కి వెళ్లి బృందావన్ గార్డెన్స్‌లో రంగుల ఫౌంటెన్లు చూశారట. షో జరుగుతుండగా నా చెవి దగ్గరికి వంగి, "అప్పుడూ ఇలాగే నోరు తెరుచుకుని చూశానమ్మా" అన్నారు. అమ్మ కొంగు తడిసింది, వెనక్కి జరుగుదామంటే "ఉండవే" అని కసిరింది.

జులై కదా అని స్వెట్టర్లు వదిలేయకండి. పగలు ఎండ మాడ్చేస్తుంది, రాత్రి తుంపర మీద పడితే వణుకొస్తుంది. అమ్మకి శాలువా తీసుకెళ్లడం మంచిదైంది, పాప పళ్లు టకటకలాడించింది. ముందు వరుసలో ఉంటే ఫోన్‌ని కవర్లో పెట్టుకోండి. గాలి ఎక్కువైతే షో ఆపేస్తారు, అందుకే రెండు రోజులు ఉండేవాళ్లు దీన్ని చివరి రాత్రికి వదిలేయొద్దు.

మూడో రోజు పొద్దున్నే మాలిబు వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లాం. అనాహైమ్ నుంచి ట్రాఫిక్‌లో రెండు గంటలు పట్టింది, 101 హైవే మీదుగా బే ఏరియాకి తిరిగి వెళ్లేవాళ్లకి అది దారిలోనే. దర్శనమయ్యాక నీడలో కూర్చుని అమ్మ విజయవాడలో ఉన్న పిన్నికి ఫోన్ చేసింది. గుడి గురించి రెండు ముక్కలు చెప్పి, నీళ్ల షో గురించి మాత్రం పావుగంట చెప్పింది, ఏ రంగు తర్వాత ఏ రంగొచ్చిందో సహా.