మూడేళ్లు పెట్టుకున్న హెయిర్ ప్యాచ్: ముందంచు గురించి నాలుగు మాటలు

బట్టతల మీద టేపుతో అతికించుకునే ఈ జుట్టు ప్యాచ్‌లో నన్ను మురిపించినదీ, ఏడిపించినదీ దాని ముందంచే. సన్నని లేసు మీద వెంట్రుకలను ఒక్కొక్కటిగా ముడివేసి ఉండడం వల్ల అవి నుదుటి చర్మంలోంచే మొలిచినట్టు కనిపిస్తాయి. ఇరవై ఎనిమిదేళ్లకే నుదురు నడినెత్తి దాకా పాకిపోయి, పెళ్లిళ్లలో ఫోటో తీస్తున్నారనగానే వెనక వరుసలోకి జారుకోవడం అలవాటైన నేను, అది పెట్టించుకున్న రోజు సాయంత్రం నెల్లూరు ట్రంకు రోడ్డులో పనేమీ లేకపోయినా షాపుల అద్దాల్లో నన్ను చూసుకుంటూ రెండుసార్లు అటూ ఇటూ నడిచాను.

అంతకు ముందు ఏడాదిన్నర జుట్టు మొలవడానికి తలకు పూసుకునే మందు, ఐదు శాతం మినాక్సిడిల్ రాశాను. మొదటి వారాల్లో ఇంకా ఎక్కువ రాలి హడలగొట్టింది, తర్వాత రాలడం తగ్గింది, నడినెత్తిన కాస్త నూగు వచ్చింది, ముందు భాగం మాత్రం రాలేదు. మానేస్తే నిలిచిన జుట్టు కూడా నెలల్లో పోతుందని డాక్టరు ముందే చెప్పారు, అలాగే పోయింది.

ఇక అసలు సంగతికి వస్తాను. మా చెల్లెలి కొడుకుకు పదకొండో నెలలో పుట్టువెంట్రుకలు తీయించడానికి పెంచలకోన వెళ్లాం. మేనమామను కాబట్టి పిల్లవాణ్ణి నా ఒడిలోనే కూర్చోబెట్టారు. నీళ్లు చల్లగానే వాడు బెదిరి, గుక్కపట్టి ఏడుస్తూ చేతికందిన నా ముందు జుట్టును గుప్పిట పట్టి లాగాడు. అప్పటికే చెమటకు మెత్తబడి ఉన్న టేపు ఎడమ కణత నుంచి నడి నుదుటి దాకా లేచిపోయింది. రెండు చేతులతో పిల్లవాణ్ణి పట్టుకుని ఉన్నాను, వదిలి సర్దుకోవడానికి లేదు. బావగారు, ఆయన తరఫు చుట్టాలు పదిమంది ఎదురుగానే ఉన్నారు. నా చూపు నేల మీది తడి వెంట్రుకలకే అతుక్కుపోయింది. కత్తి పట్టుకున్నాయన మాత్రం నా నెత్తిని చూసీ చూడనట్టు, "పిల్లోణ్ణి గట్టిగా పట్టుకో సామీ, కదిల్తే కత్తి తగుల్తాది" అన్నాడు. ఆ మాటకు పిల్లవాడి తలను ఛాతీకి ఆనించుకుని, గుండు పూర్తయ్యేదాకా నా నుదుటి మీద ఆ అంచును అట్లాగే వేలాడనిచ్చాను. తిరుమలలో భక్తులిచ్చే తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుందనీ, అవి విగ్గులవుతాయనీ తెలిసిందే కాబట్టి, ఎవరి మొక్కో నా నెత్తిన ఉందని అంతకు ముందు సరదాగా అనుకునేవాణ్ణి. ఆ రోజు ఆ సరదా రాలేదు.

మొదటి ఏడాది దీన్ని ఇద్దరు ముగ్గురికి గట్టిగా సిఫారసు చేశాను. ఆ మాటలను ఇప్పుడు కొంత తగ్గించుకుంటున్నాను. టేపు మూడు వారాలు ఆగుతుందని, ఈత కూడా కొట్టవచ్చని అమ్మినవారు చెప్పారు, డిసెంబరులో అది దాదాపు నిజమే. రోహిణి కార్తెలో హెల్మెట్ పెట్టుకుని తిరిగే నాకు పది రోజులు ఆగితే గొప్ప. అంతకంటే పెద్ద లోటు ఒకటుంది. బట్టతలతో ఉన్నప్పుడు జనం చూపుకు మాత్రమే జంకేవాణ్ణి, ప్యాచ్ వచ్చాక చేతులకు కూడా జంకడం మొదలైంది. నూనె తగిలితే జిగురు వదులుతుంది కాబట్టి రెండు ఉగాదులకు తలంటు వద్దన్నాను. అమ్మ గిన్నెలో నూనె వేడిచేసి తెస్తే తల పక్కకు తిప్పుకుని, ఆఫీసుకు ఆలస్యమవుతోందని సెలవురోజున అబద్ధం చెప్పాను.

అలాగని దీన్ని పారేయలేదు. ఫైనాన్సు ఆఫీసు కౌంటరులో కూర్చునే రోజుల్లో ఇప్పటికీ పెట్టుకుంటున్నాను, అది లేకుండా అక్కడ కూర్చునే ధైర్యం నాకింకా రాలేదు. నాకు పెళ్లయి పిల్లలున్నారు, మా ఇంటివాళ్లకు అంతా తెలుసు, అందువల్ల ఆదివారాలు తీసేసి ఉండగలుగుతున్నాను. పెళ్లిచూపులకు తిరుగుతున్న కుర్రవాణ్ణి వద్దనమని నన్నడిగితే అనలేను, కానీ మాట ఖాయం కాకముందే అమ్మాయికి చెప్పమంటాను.

మొన్న ఉగాదికి ముందు రాత్రే తీసి పెట్టాను. పొద్దున్నే అమ్మ నా మాడున నూనె పెట్టి, అరచేత్తో అద్ది, గిన్నెలోకి చూసి, "సగం మిగిలిపోయింది గదరా" అంది.