అల్పాకాల కొండ ఊరికా, మన్నవనూర్ గొర్రెల దగ్గరికా: ఏది మేలు?

ఎండలు మండిపోయే అగ్ని నక్షత్రం రోజులు దగ్గరపడగానే చెన్నైలోని మా ఇంట్లో కొండ ప్రయాణం మాట మొదలవుతుంది. ఈసారి దానికి మా అమ్మాయి కోరిక తోడైంది: అల్పాకాలు తిరిగే కొండ ఊళ్లో నాలుగు రోజులు ఉండాలని. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ కూడా వెంట వస్తుంది కనుక తొందరపడకుండా మూడు దారులను పక్కపక్కన పెట్టి చూశాను: పెరూలోని ఆండీస్ పర్వతాలు, నగరాల శివార్లలో అల్పాకాలను చూపించే జంతు పార్కులు, కొడైకెనాల్ దగ్గరి మన్నవనూర్.

ముందుగా ఆ జంతువు సంగతి తెలుసుకోవాలి. అల్పాకా ఒంటె కుటుంబానికి చెందినది; ఆండీస్ ప్రజలు వేల ఏళ్ల క్రితమే దానిని మచ్చిక చేసుకున్నారు, నేటికీ ప్రపంచంలో అత్యధిక అల్పాకాలు పెరూలోనే ఉన్నాయి. మందలో ఉంటేనే దానికి ధైర్యం, ఒంటరిగా ఉంచితే బెంగపడుతుంది. ఫొటోల్లో బొమ్మలా కనిపించినా తల మీద చెయ్యి వేస్తే చాలావాటికి నచ్చదు. మెడ పక్కన మెల్లగా నిమిరితే కొన్ని ఓర్చుకుంటాయి. మరీ విసిగిస్తే ఉమ్ముతుంది. నిజమైన స్నేహం కావాలంటే మనం కదలకుండా కూర్చుని, అదే దగ్గరికి వచ్చేదాకా ఆగాలి. సన్నగా మూలుగుతున్నట్టు అవి చేసే శబ్దాన్ని వింటూ కూర్చోవడమే ఆ విడిదిలోని అసలు విశ్రాంతి అని నేను నమ్ముతున్నాను.

ఆ విశ్రాంతి సంపూర్ణంగా దొరికేది ఆండీస్‌లోనే, ఎందుకంటే అక్కడ అల్పాకా చూడవచ్చినవారి కోసం తెచ్చిన వింత కాదు, ఊరివారి బతుకుతెరువు. ఏడాదికొకసారి ఉన్ని కత్తిరించడం, వడకడం, రంగులద్దడం, నేయడం అన్నీ ఆ ఇళ్లలోనే జరుగుతాయి. అయితే అల్పాకాల మందలు ఎక్కువగా 3,500 మీటర్లకు పైబడిన మేతభూముల్లో ఉంటాయి. విమానం దిగే కుస్కో నగరమే దాదాపు 3,400 మీటర్ల ఎత్తులో ఉంది. 2,500 మీటర్లు దాటితే అలవాటు లేనివారికి తలనొప్పి, వికారం, ఆయాసం రావచ్చు కనుక మొదటి రెండు మూడు రోజులు ఒంటిని అలవాటు చేసుకోవడానికే పోతాయి. చెన్నై నుంచి నేరుగా విమానం లేదు, ప్రయాణం ఒక రోజుకు మించుతుంది. రెండు వారాల సెలవు, మంచి ఆరోగ్యం, తగినంత డబ్బు ఉన్నవారికి దీనికి సాటి లేదు. మా అమ్మతో మాత్రం అది కుదరదు.

జంతు పార్కుల విషయంలో నాకు సందేహం లేదు. చల్లటి పొడి గాలికి పుట్టిన ఒత్తు ఉన్ని ప్రాణి మన ఉక్కపోతలో అవస్థ పడుతుంది. దాని ఒంట్లోని వేడి ఎక్కువగా పొట్ట కింద, తొడల లోపల ఉన్ని పలచగా ఉన్నచోట బయటికి పోతుంది. అందుకే ఎండకాలంలో నీళ్లు పొట్టకు కొట్టాలి, వీపు తడిపితే తడిసిన ఉన్ని వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. ఇలాంటి జాగ్రత్త తీసుకునేవారు ఉండవచ్చు. నేను చూసిన ఒకచోట మాత్రం రెండు అల్పాకాలు ఫ్యాను ముందు రొప్పుతూ నిలబడితే పిల్లలు వరుసకట్టి వాటి తలలు తడుముతున్నారు. మా అమ్మాయే చెయ్యి వెనక్కి తీసుకుని, ఇక వెళ్దామంది.

మన్నవనూర్‌లో అల్పాకాలు లేవు, ఆ మాట పిల్లలకు ముందే చెప్పాలి. అక్కడ ఉన్నది కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థవారి దక్షిణాది కేంద్రం. పచ్చిక కొండల మీద మేసే భారత్ మెరినో గొర్రెలు, వైట్ జెయింట్, సోవియట్ చించిల్లా కుందేళ్లు అక్కడి ప్రాణులు. పరిశోధన స్థలం కాబట్టి గొర్రెను ఎత్తుకుని ఆడుకోవడం ఉండదు. కానీ తమ మంద, తమ మేత, తమకు సరిపడే చలి నడుమ ఉన్న జంతువులను దూరంగా కూర్చుని చూడవచ్చు. పెరూ దాకా వెళ్లి వెతుక్కునేదీ అదే కదా! కొడైకెనాల్ ఎత్తు సుమారు 2,100 మీటర్లే కనుక పెద్దవారికీ సాధారణంగా ఊపిరి ఇబ్బంది రాదు. దారిలో పూంబారై అనే ఊరు వస్తుంది: మెట్లు మెట్లుగా దిగే చేలు, కుళందై వేలప్పర్ (మురుగన్) కోవెల, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కొండ వెల్లుల్లి. మా అమ్మకు ఆ వెల్లుల్లి చేలే గొర్రెలకన్నా ఎక్కువ నచ్చుతాయని నా అంచనా.

ఇబ్బందులూ ఉన్నాయి. కొడై రోడ్ స్టేషన్‌లో రైలు దిగాక సుమారు 80 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, కొడైకెనాల్ నుంచి మరో 35 కిలోమీటర్లు. మలుపులకు కడుపులో తిప్పేవారు ఖాళీ కడుపుతోనూ, నిండు కడుపుతోనూ బయలుదేరకూడదు. మన్నవనూర్‌లో పెద్ద ఆసుపత్రి లేదు కాబట్టి రోజువారీ మందులు వెంట ఉండాలి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి కొడైకెనాల్‌కు వెళ్లే వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి అయింది, బయలుదేరే ముందు ఆ నిబంధన ఎలా ఉందో చూసుకోవాలి.

మేము మన్నవనూర్‌నే ఎంచుకున్నాం, శని ఆదివారాల రద్దీ తప్పించుకుని సోమవారం నుంచి గురువారం దాకా. పెరూ కోసం మా అమ్మాయి ఒక డబ్బా పెట్టి అందులో పొదుపు మొదలుపెట్టింది; డిగ్రీ పూర్తయ్యాక తానే వెళ్తుందట.