బట్టమేక కోసం ఎడారికి, లియోసిక్లా కోసం కొండకి

అరుదైన పిట్ట కోసం వెళ్తూ గది బుక్ చేసేటప్పుడు నేను ముందు అడిగేది ఒక్కటే: తెల్లవారుజామున నాలుగున్నరకి గేటు తీస్తారా? ఏసీ, టీవీ, బఫే సంగతి తర్వాత. పిట్టలు చురుగ్గా తిరిగేది పొద్దుపొడిచాక రెండు మూడు గంటలే. ఎనిమిదింటికి టిఫిన్ పెట్టి, తొమ్మిదింటికి తీరిగ్గా జీపెక్కించే చోట ఎంత డబ్బు పోసినా దండగే.

ముందు మన దగ్గరి సంగతి. నంద్యాల జిల్లా నందికొట్కూరు వైపున్న రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసమే పెట్టారు. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఇప్పుడు బట్టమేక కోసమని వెళ్తే మాత్రం నిరాశే. "యాడుంది సార్ ఇప్పుడు? మా నాయన చూసినాడంట" అన్నాడు దారి చూపించిన కుర్రాడు. చుట్టుపక్కల గడ్డి నేలలు సాగులోకి పోయాయి. మిగిలిన చోట కృష్ణజింకలు మందలు మందలుగా తిరుగుతున్నాయి. అయినా చలికాలం సాయంత్రం ఒకసారి వెళ్లి చూడండి. దూరదేశాల నుంచి వచ్చే హ్యారియర్ గద్దలు చీకటి పడేముందు నిద్రకి గడ్డిలోకే దిగుతాయి. తిండి, నీళ్లు వెంట తీసుకెళ్లండి, బస కర్నూల్లో పెట్టుకోండి.

కడప జిల్లా లంకమల సంగతి ఇంకోలా ఉంటుంది. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో అక్కడే మళ్లీ దొరికింది. అది రాత్రిపూట ముళ్లపొదల మధ్య తిరిగే పిట్ట. దాన్ని చూపిస్తామని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే ఫోన్ పెట్టేయండి. ఉన్న కాస్త పొదల్లో టార్చిలైట్లు పట్టుకుని మనలాంటివాళ్లు తిరిగితే ఆ పిట్టకి ఒరిగేదేమీ లేదు.

రోళ్లపాడులో కనబడదు కాబట్టి బట్టమేకని చూడాలంటే రాజస్థాన్‌లోని జైసల్మేర్ వెళ్లాల్సిందే. దేశంలో మిగిలినవి నూటయాభైకి మించవని అంచనా, వాటిలో చాలావరకు అక్కడే ఉన్నాయి. డెజర్ట్ నేషనల్ పార్క్ మూడు వేల చదరపు కిలోమీటర్ల పైనే ఉన్నా, చూడటానికి అందరూ వెళ్లేది సుదాసరి వైపు కంచె వేసిన గడ్డి మైదానానికే. అనుమతి జైసల్మేర్‌లోని అటవీశాఖ ఆఫీసులో తీసుకోవాలి. శని, ఆదివారాల్లో దిగి అప్పటికప్పుడు పని కావాలంటే కష్టం. ముందే మాట్లాడుకోండి.

బస విషయంలో సామ్ ఇసుక దిబ్బల పక్కనున్న టెంట్ రిసార్టుల జోలికి పోవద్దు. మేం దిగినదాంట్లో టెంటు బాగుంది, వేడినీళ్లు బాగున్నాయి, భోజనానికీ వంక పెట్టలేం. కానీ రాత్రి పదకొండున్నర దాకా డీజే. పక్క క్యాంపుది ఆగితే మా క్యాంపుది మొదలు. పొద్దున్నే టీ అడిగితే వంటమనిషి ఇంకా లేవలేదన్నారు. మర్నాడు ఊళ్లో ఒక ఇంటికి మారాం. మట్టి గోడల గది, నులకమంచం, బయట బాత్రూం. ఆ ఇంటాయనే జీపు తోలతాడు, ఆయనే గైడు. చీకటితోనే సజ్జరొట్టెలు మూట కట్టి బయల్దేరదీశాడు. రెండూ చూశాక చెప్తున్నా, ఇల్లే మేలు.

ఆ ఉదయమే బట్టమేక కనబడింది. మొదట గడ్డిలో తెల్లటి కర్ర పాతినట్టు ఒక మెడ, పైన నల్ల టోపీ. స్కోపులోంచి చూస్తే ఎండ అప్పుడే సెగలు కక్కుతోంది, ఆ సెగలో కాళ్లు కరిగిపోయి పిట్ట గాల్లో తేలుతున్నట్టుంది. నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది, దేన్నో పొడుచుకుంటుంది, మళ్లీ నాలుగడుగులు. మీటరు ఎత్తు ఉంటుంది, మగదైతే పదిహేను కిలోల దాకా తూగుతుంది. దగ్గరికి పోనివ్వమని నాతో వచ్చిన ఫోటోగ్రాఫర్ బతిమాలాడు. గైడు ఇంజన్ ఆపేసి తాళం జేబులో వేసుకున్నాడు. ఆ ఒక్క పనికే ఆయనకి ఫుల్ మార్కులు వేస్తాను.

తిరిగొచ్చే దారంతా గాలిమరలు, హైటెన్షన్ తీగలు. ఇంత బరువైన పిట్ట ఎదురుగా ఉన్న తీగని సరిగ్గా చూడలేకపోతుంది, చూసినా చప్పున పక్కకి తిరగలేక తగిలి చచ్చిపోతుంది. తీగలు భూమిలో వేయాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024లో ఆ ఉత్తర్వు సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టడమే ఎక్కువనిపించే పిట్టకి ఈ తీగల లెక్క ఎప్పటికి తేలుతుందో. సామ్‌లోను, రాందేవ్రాలోను బట్టమేక గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే కేంద్రాలు ఉన్నాయి గానీ వాటిలోకి టూరిస్టులని రానివ్వరు. రానివ్వకపోవడమే మంచిది.

అరుణాచల్‌లోని ఈగల్‌నెస్ట్ అభయారణ్యం ఈ ఎడారికి పూర్తిగా వ్యతిరేకం, కొండ అడవి. గువాహతి నుంచి ఒక పూర్తి రోజు ప్రయాణం, పైగా బయటివాళ్లు ఆ రాష్ట్రంలోకి వెళ్లడానికి కావాల్సిన ఇన్నర్ లైన్ పర్మిట్. దాన్ని ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవచ్చు. రెండు వేల మీటర్ల పైనున్న లామా క్యాంపులో టెంటు, బకెట్‌లో వేడినీళ్లు, ఒళ్లు కొరికే చలి. కానీ వెదురు వంటింట్లో నిప్పుసెగకి కూర్చుని తినే అన్నం, పప్పు గురించి నాకే ఫిర్యాదూ లేదు. టైము చెప్పక్కర్లేకుండానే నాలుగింటికి టీ చేతికొచ్చేది. ఇక్కడి డబ్బు ఊళ్లోనే ఉంటుంది. క్యాంపుల్లో పనిచేసేవాళ్లు, గైడ్లు ఎక్కువమంది చుట్టుపక్కల గ్రామాలవాళ్లే. బుగున్ తెగవాళ్లు తమ అడవిలో కొంత భాగాన్ని స్వయంగా రిజర్వుగా ప్రకటించుకున్నారు.

ఇక్కడికి అందరూ వెళ్లేది బుగున్ లియోసిక్లా అనే అరుదైన పిట్ట కోసం. వృత్తిరీత్యా ఖగోళ శాస్త్రవేత్త అయిన రమణ ఆత్రేయ 2006లో దాన్ని ప్రపంచానికి పరిచయం చేశారు. ఉన్నవే కొన్ని కాబట్టి, నమూనాకని చంపకుండా ఫోటోలు, వలలో మిగిలిన ఈకలతోనే వర్ణించారు. మాకు రెండో ఉదయం కనబడింది: బూడిద కలిసిన ఆకుపచ్చ ఒళ్లు, నల్ల టోపీ, కంటి ముందు నారింజ మచ్చ, రెక్క మీద పసుపు, ఎరుపు. కళ్లద్దాలు తుడుచుకునేలోపు పొదలో దూరిపోయింది. మా గైడు స్పీకర్లో కూత వినిపించి రప్పించలేదు. పక్క గుంపు గైడు మాత్రం బ్లూటూత్ స్పీకర్లో కూత మీద కూత మోగించాడు. బుక్ చేసేముందే కూత వినిపిస్తారా అని అడగండి. గొప్పగా అవునన్నవాణ్ని వదిలేయండి. లియోసిక్లా కనబడకపోయినా డబ్బు వసూలవుతుంది, ఎందుకంటే ఆ ఒక్క రోడ్డు వెంట నడిస్తేనే రంగురంగుల లాఫింగ్‌థ్రష్‌లు, మినివెట్‌లు గుంపులుగా ఎదురొస్తాయి. రోళ్లపాడుకీ దీనికీ అదే తేడా.

గువాహతిలో ఒక పూట మిగిలితే దీపోర్ బీల్ సరస్సు వైపు వెళ్లి హర్గిలా కొంగల్ని చూసిరండి. చెత్తకుప్ప వాసనకి ముక్కు మూసుకోవాలి, అంతే.

ఇంత దూరం తిరగలేనంటే చలికాలంలో కాకినాడ చాలు. కోరంగి ముందరి బురదమేటల మీద ఇండియన్ స్కిమ్మర్లు గుంపుగా వాలతాయి. కింది ముక్కు పైదానికంటే పొడుగు, నారింజ రంగు, గుర్తుపట్టడానికి పుస్తకం అక్కర్లేదు. పడవవాడితో బేరం కుదుర్చుకునేముందు ఆటుపోట్ల టైము కనుక్కోండి. నీళ్లు బాగా తీసినప్పుడు వెళ్తే పడవ బురదలో ఆగిపోతుంది, పిట్టలు ఎక్కడో అవతల ఉంటాయి, ఇచ్చిన డబ్బు మాత్రం వెనక్కి రాదు.