పాత ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి 16 జీబీ ర్యామ్: ఏడబ్ల్యూఈ చాలా, 64 బిట్‌కి మారాలా?

విండోస్ సర్వర్ 2003, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005, రెండూ 32 బిట్. ర్యామ్ ఎంత గుచ్చినా మామూలుగా డేటాబేస్‌కి దక్కే అడ్రస్ స్పేస్ (ప్రోగ్రామ్ వాడగల మెమరీ పరిధి) 2 జీబీయే. దాటే దారులు రెండు: ఏడబ్ల్యూఈ (అడ్రస్ విండోయింగ్ ఎక్స్‌టెన్షన్స్, 32 బిట్ ప్రోగ్రామ్ అంతకు మించిన ర్యామ్‌ని వాడుకునే సదుపాయం), లేదా విండోస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ రెండింటినీ 64 బిట్‌కి మార్చడం.

ఖర్చు
ఏడబ్ల్యూఈ: విండోస్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ ఉంటే అదనంగా ఏమీ లేదు. స్టాండర్డ్ అయితే 4 జీబీ దగ్గరే ఆగిపోతుంది.
64 బిట్: ప్రాసెసర్ ఎక్స్64 (64 బిట్ రకం) అయితే మెషీన్ అదే, ఇన్‌స్టాలేషన్ మాత్రం మొదటి నుంచీ.

శ్రమ
ఏడబ్ల్యూఈ: బూట్ ఫైల్‌లో పీఏఈ స్విచ్ (32 బిట్ విండోస్ 4 జీబీకి మించిన ర్యామ్ వాడేలా చేసేది), సర్వీస్ అకౌంట్‌కి ‘లాక్ పేజెస్ ఇన్ మెమరీ’ హక్కు, ‘ఏడబ్ల్యూఈ ఎనేబుల్డ్’ 1, రీస్టార్ట్. హక్కు మరిచిపోతే ఏడబ్ల్యూఈ పనిచేయదు. అందరూ తడబడేది ఇక్కడే.
64 బిట్: బ్యాకప్ తీసి రీస్టోర్ చేస్తే డేటా వచ్చేస్తుంది. లాగిన్లు, జాబ్‌లు విడిగా తేవాలి.

చిక్కులు
ఏడబ్ల్యూఈ మెమరీ డేటా పేజీలకే. ప్లాన్ క్యాష్ (క్వెరీ ప్లాన్ల నిల్వ), సార్టింగ్, లాక్‌లు పాత 2 జీబీ ఇరుకులోనే. ప్రోగ్రామ్‌కి 2 బదులు 3 జీబీ ఇచ్చే 3జీబీ స్విచ్ కూడా కలిపితే విండోస్ 16 జీబీ దాటి వాడదు. టాస్క్ మేనేజర్‌లో ఈ మెమరీ కనపడదు. పెర్ఫార్మెన్స్ మానిటర్‌లో ‘టోటల్ సర్వర్ మెమరీ’ చూడాలి.
64 బిట్‌లో జెట్ డ్రైవర్ (యాక్సెస్ ఫైళ్లను చదివేది) లేదు. యాక్సెస్ ఫైళ్లకు పెట్టుకున్న లింక్డ్ సర్వర్లు ఆగిపోతాయి.

రెండింట్లోనూ ‘మ్యాక్స్ సర్వర్ మెమరీ’ కట్టేయండి: 16 జీబీలో 13 దాకా.

పెద్ద టేబుళ్లు పదేపదే చదివే పని, ఏడాదిలో తీసేసే సర్వర్: ఏడబ్ల్యూఈ. భారీ సార్టులు, వందల అడ్‌హాక్ (అప్పటికప్పుడు రాసే) క్వెరీలు: 64 బిట్టే. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012 వెర్షన్‌లో ఏడబ్ల్యూఈని ఎలాగూ తీసేశారు.