బైపాస్ ఫిల్టరా, ముందుగానే ఆయిల్ మార్చడమా: సొంత లారీకి ఏది మేలు?

మిర్చి సీజన్ దగ్గర పడుతోందంటే మా వైపు లారీ ఓనర్లు ఇంజిన్ల సంగతి చూసుకోవడం మొదలుపెడతారు. గుంటూరు యార్డులో లోడు ఎత్తాక బండి మళ్లీ ఇంటి మొహం ఎప్పుడు చూస్తుందో తెలియదు కాబట్టి సర్వీసులన్నీ ముందే కానిచ్చేస్తారు. ఆ రోజుల్లో నన్ను ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఒకటే. "బైపాస్ ఆయిల్ ఫిల్టర్ ఇంటి దగ్గర మనమే బిగించుకోవచ్చా? దానికి పెట్టే డబ్బుతో ఆయిలే కాస్త ముందుగా మార్చుకుంటే పోలా?" ఈ మధ్యే మా పది టైర్ల బండికి ఒకటి పెట్టాను. ఫోన్‌లో ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒక్కచోట రాస్తున్నాను.

ముందు ఒక అనుమానం తీర్చేయాలి. బైపాస్, అంటే మామూలు ఫిల్టర్‌కి తోడుగా కొంచెం ఆయిల్‌ని పక్కకు తీసి మరింత సన్నగా వడకట్టే ఫిల్టర్, ఎవరో కిట్లు అమ్ముకోవడానికి పుట్టించిన సరుకు కాదు. 1923లో అమెరికాలో ప్యూరోలేటర్ పేరుతో వచ్చిన తొలి ఆయిల్ ఫిల్టర్లు బైపాస్ రకానివే. ఆయిలంతా ఫిల్టర్ గుండానే పోయే పద్ధతి తర్వాత వచ్చింది. ఇవాళ్టికీ వోల్వో 13 లీటర్ల ఇంజిన్‌కి రెండు మామూలు ఫిల్టర్ల పక్కన మూడోది బైపాస్ ఫిల్టర్ కంపెనీ నుంచే వస్తుంది. స్కానియా వాళ్లు అదే పనికి గిర్రున తిరుగుతూ మడ్డిని అంచుకు విసిరే సెంట్రిఫ్యూజ్ పెడతారు. మన టాటా, లేలాండ్ బండ్లకు చేసేది కూడా అలాంటి ఏర్పాటే, కాకపోతే బయటి నుంచి తగిలిస్తాం.

మామూలు ఫిల్టర్ ఆపేది సుమారు ఇరవై, ముప్పై మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పైనున్న రేణువుల్ని. అంతకంటే సన్నగా నేస్తే ఆయిల్ బేరింగులకు చేరేసరికి ఆలస్యమవుతుంది, చలికాలం పొద్దున స్టార్టింగ్‌లో మరీనూ. కానీ క్రాంక్‌కీ బేరింగుకీ మధ్య ఆయిల్ పొర మందం కొన్ని మైక్రాన్లే. ఆ ఫిల్టర్ వదిలేసిన అయిదు, పది మైక్రాన్ల పొడే అక్కడ గీరుతుంది. బైపాస్ ఫిల్టర్ పంపు నుంచి కొద్దిపాటి ధార మాత్రం తీసుకుని, రెండు మూడు మైక్రాన్ల దాకా వడకట్టి, నేరుగా ఛాంబర్లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి, వదులుతుంది. నిమిషానికి ఒకటిన్నర లీటరు అనుకున్నా ఇరవై లీటర్ల ఛాంబర్ మొత్తం పావుగంటకు ఒకసారి దాని గుండా వెళ్లినట్టు లెక్క. కోల్‌కతా దాకా వెళ్లే బండిలో రోజంతా ఈ పని నడుస్తూనే ఉంటుంది.

దాని చేతకానివి కూడా చెప్పాలి. డీజిల్ చిమ్మే నాజిల్ కారి ఆయిల్లో డీజిల్ కలిస్తే దాన్ని వేరు చేయలేదు. హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ దిగితే ఆపలేదు. ఆయిల్లో యాసిడ్‌ను విరిచే మందు అయిపోతే, అంటే టీబీఎన్ పడిపోతే, తిరిగి పుట్టించలేదు. ఎయిర్ ఫిల్టర్ పైపు చిట్లి దుమ్ము లోపలికి వెళ్తున్న బండికి బైపాస్ పెట్టడం శుద్ధ దండగ. ముందు ఆ పైపు మార్చాలి. ఆయిల్ టెస్ట్ చేయించి రిపోర్టులో సిలికాన్ (దుమ్ము గుర్తు) ఎక్కువ కనిపిస్తే చాలావరకు తప్పు గాలి దారిలో ఉందని అర్థం. ఐరన్, సూట్ (మసి) పెరుగుతూ మిగతావి బాగుంటే అప్పుడు బైపాస్ పనికొస్తుంది.

ఇక ముందుగానే ఆయిల్ మార్చే దారి. దీని మీద నాకు చిన్నచూపు లేదు. డీజిలు, తేమ, యాసిడ్ అన్నీ ఒక్కసారిగా బయటికి పోతాయి. కొత్త పైపు లేదు, కొత్త జాయింటు లేదు, టెన్షన్ లేదు. ఖర్చు మాత్రం ఏటా ఉంటుంది. నెలకు పదివేల కిలోమీటర్లు తిరిగే బండికి నలభై వేలకు ఒకసారి ఆయిల్ మారుస్తున్నారనుకోండి, ఏడాదికి మూడుసార్లు. దాన్ని ఇరవై వేలకు తగ్గిస్తే ఆరుసార్లు. ఛాంబర్ ఇరవై లీటర్లదైతే ఏడాదికి అరవై లీటర్లు అదనం. మీరు వాడే ఆయిల్ బకెట్ ధరతో లెక్క వేసుకోండి. బైపాస్‌కి ఒకసారి కిట్ ఖర్చు, తర్వాత ఎలిమెంట్ల (ఫిల్టర్ లోపల మార్చే వడపోత ముక్కల) ఖర్చు. లాంగ్ రూట్ బండికి ఈ లెక్క బైపాస్ వైపే మొగ్గుతుంది.

కృష్ణ ఒడ్డున ఇసుక తోలే బండ్లకు, ఇబ్రహీంపట్నం థర్మల్ నుంచి బూడిద ఎత్తే బండ్లకు మాత్రం లెక్క వేరు. నాలుగు కిలోమీటర్లు తిరిగి గంట లైన్లో నిలబడే పని అది. మీటరు తిరగకపోయినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. ఆయిల్ సరిగా వేడెక్కదు, తేమ ఆవిరైపోదు, డీజిల్ కలుస్తుంది. అలాంటి బండికి గంటల లెక్కన ముందుగా ఆయిల్ మార్చడమే సరైన పని.

అసలు నా దృష్టిలో తేల్చాల్సిన విషయం మైక్రాన్లూ కాదు, డబ్బూ కాదు. బైపాస్ వల్ల వచ్చే లాభం లక్షల కిలోమీటర్ల మీద మెల్లగా కనిపిస్తుంది. పైపు తెగితే నష్టం ఒక్క నిమిషంలో జరిగిపోతుంది. ఇంజిన్ మీద, బండి పరుగులో ఉన్నప్పుడు సుమారు నాలుగు బార్ల ప్రెషర్ ఉండే చోట కొత్తగా ఒక రంధ్రం తెరుస్తున్నాం. అందుకే కిట్ తెచ్చిన ప్రతివారినీ నేను ముందు అడిగేది, "ఆరిఫీస్ ఎక్కడుంది?" అని.

ఆరిఫీస్ అంటే ధారను సన్నం చేసే చిన్న రంధ్రం, సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. కొన్ని కిట్లలో అది ఫిల్టర్ హెడ్‌లో ఉంటుంది. అంటే ఇంజిన్ నుంచి ఫిల్టర్ దాకా వచ్చే పైపులో పూర్తి ప్రెషర్, అడ్డూ అదుపూ లేని ఆయిల్. ఆ పైపు ఊడితే సగం ఛాంబర్ ఖాళీ కావడానికి నిమిషం కూడా పట్టకపోవచ్చు. డ్రైవర్ లైటు చూసేలోపు బేరింగులు పట్టేస్తాయి. వేడి టర్బో మీద పడితే బండే అంటుకోవచ్చు. అదే ఆరిఫీస్ ఇంజిన్ మీద బిగించే నిపుల్లోనే (మరలున్న చిన్న జాయింటు ముక్కలోనే) ఉంటే, పైపు మొత్తం తెగినా నిమిషానికి పోయేది సుమారు రెండు లీటర్లు. ఇరవై లీటర్ల ఛాంబర్‌లో పంపు గాలి పీల్చడానికి ముందు నాలుగైదు నిమిషాల టైముంటుంది. హైవే మీద బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపడానికి అది చాలు. ఇంజిన్ వైపు ఆరిఫీస్ నిపుల్ లేని కిట్ అయితే లేత్ దగ్గర ఒకటి చేయించుకోండి. అది కుదరకపోతే ఈ పని మానేసి ఆయిల్ ముందుగా మార్చుకోవడమే మంచిది.

రెండోది, టీ, అంటే T ఆకారంలో ఉండే మూడు మూతుల జాయింటు, బిగించే తీరు. అందరూ ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి అక్కడ టీ పెడతారు. చోటు సరైనదే. కానీ టీ, దాని మీద ఇంకో నిపుల్, దాని చివర బరువైన ప్రెషర్ సెన్సార్ వేలాడుతూ ఉంటే ఇంజిన్ అదురుకు మొదటి మర దగ్గరే పగులు వస్తుంది. సెన్సార్‌ని అక్కడ వేలాడనివ్వకండి. చిన్న పైపుతో పక్కకు తీసి, ఒక రేకు బ్రాకెట్ మీద కూర్చోబెట్టండి. మరల విషయంలో ఇంకో జాగ్రత్త. బీఎస్‌పీ మర, ఎన్‌పీటీ మర పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటిలాగే కనిపిస్తాయి. ఒకటి 55 డిగ్రీలు, ఇంకోటి 60. రెండు చుట్లు చక్కగా ఎక్కి మూడోది బిగుసుకుంటే అక్కడే ఆపేయాలి. బలం పెట్టి తిప్పితే బ్లాక్ మర పోతుంది. టెఫ్లాన్ టేపు వద్దు. దాని పోగు ఒక్కటి ఊడినా వెళ్లి కూర్చునేది ఆ ఒకటిన్నర మిల్లీమీటర్ల రంధ్రంలోనే. మరలకు రాసే లిక్విడ్ సీలెంట్ వాడండి.

పైపు ముక్కలు కొని క్లిప్పులు బిగించే పని అసలే వద్దు. ఆటోనగర్‌లో హైడ్రాలిక్ పైపుల షాపులకు కొదవ లేదు. కొలత తీసుకెళ్లి, లోపల స్టీల్ అల్లిక ఉన్న పైపుకు రెండు చివర్లా ఎండ్లు ప్రెస్ చేయించుకోండి. ఫిల్టర్ ఛాసిస్ మీద ఉంటుంది, ఇంజిన్ మౌంటింగుల మీద ఊగుతుంది. స్టార్ట్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు ఆ ఊపు కళ్లారా కనిపిస్తుంది. అందుకే పైపు బిర్రుగా ఉండకూడదు, ఇనప పైపు అసలే పనికిరాదు. పైపు కోసినప్పుడు లోపల రబ్బరు పొడి మిగులుతుంది. బిగించే ముందు డీజిల్‌తో కడిగి గాలి కొట్టండి. పవర్ స్టీరింగ్ పైపుకు గాని, ఛాసిస్ అంచుకు గాని రాసుకునే చోట పాత ట్యూబు ముక్క చుట్టడం మన అలవాటు. దాని బదులు అక్కడ ఆనకుండా దారే మార్చండి. క్యాబిన్ లేపి పని చేసేటప్పుడు లాక్ పడిందో లేదో చూడనిదే కింద తల పెట్టకండి.

తిరిగి వచ్చే పైపును ఛాంబర్ డ్రెయిన్ బోల్టు దగ్గర కలిపే వాళ్లున్నారు. నాకు అది నచ్చదు. కింద వేలాడే పైపుకు క్వారీ రోడ్డులో ఒక్క రాయి తగిలితే ఉన్న ఆయిలంతా పోతుంది. ఇంజిన్ పైన ఉండే టాపెట్ కవర్ మీద, ఆయిల్ పోసే మూత దగ్గర కలిపితే అది తెగినా ఛాంబర్ మొత్తం ఒక్కసారిగా కారిపోదు. పైగా ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా మూత తీస్తే సన్నటి ధార పడుతుండటం కంటికి కనిపిస్తుంది.

బిగించాక ఫిల్టర్ తాగినంత ఆయిల్ పోయాలి, ఎలిమెంట్ సైజును బట్టి ఒకటి నుంచి మూడు లీటర్లు. కాసేపు నడిపి, ఆపి, పది నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడండి. ఒక ట్రిప్ కొట్టి వచ్చాక ఫిల్టర్ డబ్బా మీద చెయ్యి దగ్గరగా పెడితే ఇంజిన్‌లాగే వేడి తగలాలి. చల్లగా ఉంటే ఆయిల్ పారడం లేదు, ఎలిమెంట్ నిండిందన్నా కావాలి, ఆరిఫీస్ మూసుకుపోయిందన్నా కావాలి. ఆయిల్ రంగు చూసి మాత్రం తీర్పు చెప్పొద్దు. "ఆయిల్ నల్లగానే ఉంది కదండీ, మరి ఫిల్టర్ ఏం చేస్తున్నట్టు?" అని మేస్త్రీలు కూడా అడుగుతారు. డీజిల్ మసి అసలు రేణువు మైక్రాన్‌లో వందో వంతు లెక్కల్లో ఉంటుంది. ఏ ఫిల్టర్ పెట్టినా నలుపు పోదు. ఫిల్టర్ పట్టేది ఆ మసి గడ్డకట్టిన ముద్దల్ని, లోహపు పొడిని. బ్లాటింగ్ పేపర్ మీద ఒక చుక్క వేసి రాత్రంతా వదలండి. మరక మెల్లగా విస్తరించి అంచులు పలచబడితే ఆయిల్‌లో సత్తువ ఉంది. మధ్యలో నల్లటి ముద్ద నిలిచి, అంచు గీసినట్టు ఆగిపోతే ఫిల్టర్ ఉన్నా లేకున్నా ఆయిల్ మార్చేయాల్సిందే.

మిగతా రకాల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. సెంట్రిఫ్యూజ్ మంచి వస్తువే గానీ, దాని నుంచి ఆయిల్ తనంతట తాను ఛాంబర్లోకి జారడానికి లావుపాటి పైపు, తగిన ఎత్తు కావాలి. ఇంటి దగ్గర అయ్యే పని కాదు. మీ ఇంజిన్‌కి కంపెనీదే ఉంటే ప్రతి సర్వీసుకీ విప్పి లోపల అట్టులా పేరుకున్న మడ్డి గీకించండి, చాలు. అయస్కాంతం డ్రెయిన్ బోల్టు పెట్టుకుంటే పెట్టుకోండి, ఇనుము తప్ప ఇంకేం పట్టదు. టిష్యూ రోల్ పెట్టే ఫిల్టర్లు చవకే, కానీ ఆ కాగితం పొరలు వీడి లోపలికి వెళ్తాయేమోనన్న భయంతో నిద్రపట్టదు, నేను పెట్టను.

బండి వారంటీలో ఉంటే దేన్నీ ముట్టుకోవద్దు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండ్లలో ప్రెషర్ సెన్సార్ ఈసీయూతో (ఇంజిన్ కంప్యూటర్‌తో) ముడిపడి ఉంటుంది, వాటికి ఈ ఇంటి పని నేను చెప్పను. బాగా వేడెక్కాక ఐడిలింగ్‌లో గేజ్ ముల్లు కిందికి పడిపోయే పాత ఇంజిన్‌కి కూడా వద్దు. ఉన్న ప్రెషరే సరిపోని ఇంజిన్ నుంచి ఇంకొంత లాగడం అవుతుంది. వారంటీ దాటి, ప్రెషర్ గట్టిగా ఉండి, లాంగ్ రూట్ తిరిగే బీఎస్3, బీఎస్4 బండికైతే నా ఓటు బైపాస్‌కే. అయితే పెట్టిన మర్నాటి నుంచే ఆయిల్ గడువు పెంచొద్దు. మొదట పాత గడువుకే మార్చండి, ఆ ఆయిల్ శాంపిల్ టెస్టుకు పంపించండి. టీబీఎన్, చిక్కదనం బాగున్నాయని కాగితం మీద కనిపించాకే కొంచెం కొంచెంగా పెంచండి. కొనే ముందు ఆ ఎలిమెంట్ ఆటోనగర్‌లో ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుందో లేదో కూడా కనుక్కోండి.

ఇంటి దగ్గర బిగించినది మీరు. రోడ్డు మీద దానితో పడేది డ్రైవరు. ఆరిఫీస్ నిపుల్ ఉన్న చోట సరిపోయే మర ఉన్న మూత బోల్టు ఒకటి, దానికి పట్టే స్పానర్ ఒకటి, అయిదు లీటర్ల ఆయిల్ డబ్బాలు రెండు, ఇవన్నీ టూల్ బాక్సులో వేసి పంపండి. పైపు పోతే ఇంజిన్ ఆపి, నిపుల్ విప్పి, ఆ బోల్టు బిగించి, ఆయిల్ పోసుకుని లెవెల్ చూసుకుంటే బండి బైపాస్ లేకుండా మామూలుగా నడుస్తుంది. బయల్దేరే ముందు డ్రైవర్‌ చేత ఆ బోల్టు ఒకసారి బిగింపించి, విప్పించి చూడండి.