రాళ్ళు పొదిగిన పాత జేబు చాకులు: షెఫీల్డ్, లండన్ యాత్రానుభవాలు

పాతకాలపు పెద్దమనుషుల జేబు చాకులను, అందులోనూ బంగారు పిడిపై కెంపులో రవ్వలో పొదిగినవాటిని, గుర్తుపట్టి వెలకట్టడం తెలుసుకోవాలనుకునేవారు ఇంగ్లండులో ముందుగా వెళ్ళవలసిన ఊరు లండన్ కాదు, చాకుల తయారీకి పేరుపడ్డ షెఫీల్డ్ అని నా అభిప్రాయం. అమ్మే దుకాణాలు లండన్‌లోనే ఎక్కువన్న మాట నిజమే. అయితే దుకాణంలో ఎవరి చూపైనా మొదట రాళ్ళ మీదికే పోతుంది; ఈ వస్తువులో చివరగా చూడవలసినవి రాళ్ళే. విక్టోరియా రాణి కాలంలోనూ, ఆ తరువాత కొన్ని దశాబ్దాలపాటూ, వెయిస్ట్‌కోటుకు గడియారపు గొలుసు వేసుకునే శ్రీమంతులు ఆ గొలుసు రెండో కొసకు ఇటువంటి చిన్న మడత చాకును తగిలించుకునేవారు. చుట్ట కొన కోయడానికీ, పెన్సిలు చెక్కడానికీ అది పనికివచ్చేది, కాని అసలు పని హోదాను చూపడమే. మా మేనమామగారి నుంచి నాకు సంక్రమించిన అలాంటి చాకు ఒకదాన్ని వెంట తీసుకుని మేము ఈ యాత్ర చేశాము.

లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషను నుంచి షెఫీల్డ్‌కు రైలులో రెండు గంటల పైచిలుకు పడుతుంది. టికెట్టు కొన్ని వారాల ముందే కొంటే చాలా చవక. ఆ రోజు కొంటే విమానం ఛార్జీని తలపిస్తుంది. బస విషయంలో స్టేషను దగ్గర, ఊరూరా శాఖలున్న ఒక సాదాసీదా హోటలూ చూశాము, కెల్హామ్ ఐలండ్ పేటలో వంట గదితో ఉన్న అద్దె ఫ్లాటూ చూశాము. శాకాహారులకు రెండోదే మేలు. ఊరంతా ఎగుడు దిగుడు వీధులే కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవారు ట్రామును నమ్ముకోవాలి. షేల్స్‌మూర్ స్టాపులో దిగితే కెల్హామ్ మ్యూజియం నడక దూరమే.

ఆ మ్యూజియానికి ప్రవేశ రుసుము ఉంది, అది పూర్తిగా గిట్టుబాటవుతుంది. లోపలి హాలీ గ్యాలరీలో పనిముట్లూ, చాకులూ, సగం తయారైన భాగాలూ వరుసగా ఉంటాయి. చాకును విప్పి చూపితే కాని తెలియని సంగతులు అక్కడ తెలుస్తాయి: బ్లేడు వెనుక వీపు స్ప్రింగు, పిడి లోపలి రేకులు, పైన అతికే ముత్యపు చిప్ప, అన్నిటినీ కలిపే రివెట్లు. స్వతంత్రంగా ఒక బల్ల అద్దెకు తీసుకుని పనిచేసే ‘లిటిల్ మెస్టర్ల’ కార్ఖానాలు కూడా ఆ ఆవరణలో ఉన్నాయి. 2021లో కన్నుమూసిన ప్రసిద్ధ చాకు పనివాడు స్టాన్ షా చివరి సంవత్సరాలలో అక్కడే పనిచేశారు. మంచి చాకు బ్లేడు తెరిచినప్పుడూ మడిచినప్పుడూ టక్కుమని ఖచ్చితంగా ఆగాలి, మూసినప్పుడు వీపు స్ప్రింగు పిడితో సమంగా కలిసిపోవాలి. స్ప్రింగు నీరసించినా, పదేపదే సానపట్టి బ్లేడు సన్నబడినా, పిడిపై ఎన్ని రాళ్ళున్నా ధర సగానికి సగం పడిపోవచ్చు.

మిలీనియం గ్యాలరీలోని లోహపు వస్తువుల విభాగం ఉచితం, ఒక పూట చాలు. కట్లర్స్ హాలు మాత్రం నిరాశపరచవచ్చు. 1624లో ఏర్పడిన చాకుల పనివారి సంఘపు భవనమది. లండన్‌లో జరిగిన 1851 మహా ప్రదర్శన కోసం జోసెఫ్ రాడ్జర్స్ సంస్థ తయారుచేసిన, 75 బ్లేడుల నార్‌ఫోక్ చాకు అక్కడ ఉంది. ముందుగా ఏర్పాటు చేసుకున్న బృందాలకే దర్శనం కాబట్టి, వెళ్ళేముందే తేదీ ఖాయం చేసుకోవాలి.

ఇక ముద్రల సంగతి. బ్లేడు వెండిదైతే అది పండ్లు కోసే చాకు. దాని మీద వెండి స్వచ్ఛతను తెలిపే సింహం ముద్ర, సంవత్సరాక్షరం, పనివాడి పొడి అక్షరాలు వెతకాలి. వెండి బంగారాల స్వచ్ఛతను పరీక్షించి ముద్ర వేసే షెఫీల్డ్ పరీక్షా కార్యాలయం 1773లో మొదలైంది. 1974 దాకా దాని గుర్తు కిరీటం, ఆ తరువాత గులాబి. బర్మింగ్‌హామ్‌ది లంగరు. 1784 నుంచి 1890 వరకు సుంకం చెల్లించినందుకు రాజు లేదా రాణి తల ముద్ర కూడా ఉండేది. బంగారు పిడిపై 15 క్యారట్ల ముద్ర కనబడితే అది 1854కూ 1932కూ మధ్యది, ఎందుకంటే ఇంగ్లండులో ఆ స్థాయి అప్పుడే ఉంది. మా చాకు ఈ విధంగానే తన వయసు చెప్పుకుంది. ఉక్కు బ్లేడు తుప్పుపట్టని రకమైతే, అమ్మేవారు విక్టోరియా కాలమని ఎంత గట్టిగా చెప్పినా నమ్మనక్కరలేదు. హ్యారీ బ్రియర్లీ ఆ ఉక్కును ఇదే ఊళ్ళో 1913లో తయారుచేశాడు. అటువంటప్పుడు చాకు అయినా తరువాతిదై ఉండాలి, బ్లేడు అయినా మార్చినదై ఉండాలి.

లండన్‌లో మేము హోబర్న్ ప్రాంతంలో దిగాము. గది ఇరుకు, అద్దె ఎక్కువ. కాని చాన్సరీ లేన్‌లోని సిల్వర్ వాల్ట్స్ దగ్గర. భూగర్భంలోని ఆ దుకాణాలలో వెండి పండ్ల చాకులు బాగా దొరుకుతాయి, యజమానులు ఓపికగా ముద్రలు చదివి చూపిస్తారు. శనివారం మధ్యాహ్నం తరువాతా, ఆదివారమూ అవి మూసి ఉంటాయి. పోర్టొబెల్లో రోడ్డు సంత శనివారం ఉదయం సందడిగా ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది, కొనడానికి మాత్రం భూతద్దమూ నిగ్రహమూ కావాలి. అక్కడ ఒక బల్ల మీద రష్యా నుంచి వచ్చిన రాచ వస్తువని చూపిన చాకుపై 56 అన్న బంగారపు ముద్ర అప్పుడే కొట్టినంత పదునుగా ఉంది, చుట్టూ ఉన్న చెక్కడపు పని మాత్రం అరిగిపోయి ఉంది. వస్తువు అరిగి ముద్ర అరగకపోవడం అనుమానించవలసిన విషయం.

రాళ్ళ విషయంలో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోని నగల గ్యాలరీ మంచి బడి, పైగా ఉచితం. పాత రవ్వలు అడుగు చదునుగా, పైన కోణాలుగా ఉండే రోజ్ కట్‌లోనో, చేత్తో సానపట్టిన దళసరి కోతలోనో ఉంటాయి. మన సాలార్‌జంగ్ మ్యూజియంలోని నూర్జహాన్ చాకును చూసినవారికి కుందనపు పొదుగు కళ్ళకు అలవాటై ఉంటుంది. ఇక్కడి పనిలో సన్నని కొక్కేలు రాయిని పట్టుకుంటాయి, లేదా లోహపు అంచును రాయి చుట్టూ ఒత్తుతారు. కెంపులను పది రెట్లు చూపే అద్దంలో చూడాలి. లోపల వంపు తిరిగిన గీతలుంటే అవి వెర్నై అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పద్ధతిలో కొలిమిలో చేసిన కృత్రిమ కెంపులు. ఆ పద్ధతి 1902లో లోకానికి తెలిసింది. మా చాకు కెంపులలో ఒకటి అటువంటిదని తేలింది, అంటే బహుశా ఎప్పుడో ఊడిన రాయి స్థానంలో పెట్టినది.

వెల చెప్పే సేవలలో తేడా చాలా ఉంది. మ్యూజియం వారు వస్తువు గురించి మాట్లాడతారు కాని ధర చెప్పరు. వేలం సంస్థలు సాధారణంగా ఉచితంగానే అంచనా ఇస్తాయి, అయితే అది వేలంలో పలకవచ్చునన్న ధర. కొన్నవారు ఆ పైన సుమారు పాతిక శాతం కమిషను కట్టాలి. రుసుము తీసుకుని రాసిచ్చే బీమా విలువ అంతకంటే బాగా ఎక్కువగా ఉంటుంది, ఆ కాగితం చూసుకుని అమ్మబోతే ఆశాభంగమే. ఒక దుకాణదారు చాకును మొత్తంగా తూచి బంగారం ధర కట్టాడు, లోపలి ఉక్కు బరువు తీసివేయకుండా! అది మాకు లాభమే అయినా, అంత తెలియనివాడి మాటకు విలువివ్వలేకపోయాము. వేలం సంస్థ ప్రతినిధి అలా చేయలేదు: ముద్ర, స్ప్రింగు, బ్లేడు, రాయి అన్న వరుసలో చూసి, మారిన కెంపుకు కొంత తగ్గించి, అసలు పెట్టె లేనందుకు ఇంకొంత తగ్గించి ఒక అంకె చెప్పారు. మేము మెచ్చినది ఆ పద్ధతినే.

కొనాలనుకునేవారు దంతపు పిడి జోలికి పోకపోవడం మంచిది. బ్రిటన్‌లో 2022 జూన్ నుంచి దంతపు వస్తువుల అమ్మకంపై చట్టం కఠినంగా అమలవుతోంది, తాబేటి చిప్పకూ దేశాలు దాటించడంలో చిక్కులున్నాయి. తెరిచినప్పుడు బ్లేడుకు తాళం పడని మడత చాకు, బ్లేడు 3 అంగుళాలకు మించకపోతే, అక్కడ జేబులో ఉంచుకోవడం నేరం కాదు. అయినా సంచులు సోదాచేసే మ్యూజియాలకు వెళ్ళేటప్పుడు దాన్ని హోటలు లాకరులోనే ఉంచాము. తిరుగు ప్రయాణంలో చాకును చేతి సంచిలో పెట్టకుండా, విలువ పత్రం నకలుతో సహా చెకిన్ పెట్టెలో సర్ది, ప్రయాణ బీమాలో దాని పేరు విడిగా రాయించాము.